అభ్రకం రేకు

పెరంబూరు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
సంచిలో మీటరు, స్క్రూడ్రైవర్లు, కత్తెర,
చొక్కా జేబులో అమ్మ పొట్లం కట్టిచ్చిన వక్కపొడి.
తలుపు తీస్తూనే మందాకిని గారి మొదటి మాట:
"పేలిపోతుందా బాబూ?"

పేలేది ఇది కాదమ్మా, మనం లోపల పెట్టేవి.
వేళచ్చేరిలో ఒక కుర్రాడు పెంకుతో సహా గుడ్డు పెట్టాడు.
లోపలున్నంతసేపూ బుద్ధిగానే ఉందట,
బయటికి తీశాక పేలింది.
సీలింగు మీద పచ్చసొన ఇంకా ఉంది.
అడ్వాన్సులో సున్నం డబ్బులు కోస్తారని వాడి బెంగ,
కన్ను తప్పిందన్న సంగతి వాడికింకా తట్టలేదు.

అన్నానగర్లో బంగారు అంచు పింగాణీ పళ్ళెం.
పదేళ్ళు అద్దాల బీరువాలో మెరిసింది,
పది సెకన్లు ఇందులో మెరిసింది.

మైలాపూర్లో దీనికి అల్లికగుడ్డ కప్పి,
నెత్తిన మాగాయ జాడీ పెట్టి, గోడకి అదిమేశారు.
ఊపిరాడక ఆగిపోయింది పాపం.
వేడికి కూడా వాకిలుండాలి కదా,
వెనక బెత్తెడు, పైన జానెడు.

ఒకే పెట్టెలో ఇద్దరు కాపురం, మందాకిని గారూ.
మైక్రోవేవ్ అనేవాడికి స్టీలు గిన్నె గిట్టదు.
కన్వెక్షన్ అనేవాడికి ప్లాస్టిక్ డబ్బా గిట్టదు,
వాడికి కేకు రేకుపళ్ళెమే ఇష్టం,
అదీ పొయ్యి ముందుగా కాగాక.
ఎవరు డ్యూటీలో ఉన్నారో చూసుకుని
తలుపు తట్టాలి, అంతే.

ఆవిడ నవ్వలేదు. వెనక్కి రెండడుగులు వేసి
ఫ్రిజ్ పక్కన నిలబడ్డారు.

ప్లగ్గు పీకాను. విప్పాను. ఆగాను.
తీగ పీకేశాక కూడా లోపలొక డబ్బా
కరెంటుని పాత పగలా దాచుకుంటుంది.
మీరెప్పుడూ విప్పకండి.
నా ఎడమ బొటనవేలి మీద తెల్లమచ్చ చెప్తుంది మిగతాది.

జబ్బు తెలిసింది. ఎప్పుడో చిట్లిన సాంబారు
కుడివైపు రేకు మీద మాడి బొగ్గై,
ఆ బొగ్గే నిప్పురవ్వలు రాలుస్తోంది.
మూత పెట్టకపోవడం ఒకటే తప్పు.
బిగించి కాదు, వారగా, ఆవిరి పోయేలా.

కొత్త రేకు తీసి కొలత గీస్తుంటే
"అట్టముక్కా?" అన్నారు.
అభ్రకమండీ. తరంగం పోతుంది, నూనె పోదు.

మా అమ్మ పెంచలమ్మ
గూడూరు షెడ్డులో పన్నెండేళ్ళు అభ్రకం చీల్చింది.
కత్తిమొన దూర్చి పొర నుంచి పొర,
తూకానికి కూలి.
సాయంత్రానికి రెప్పల మీద, గాజుల సందుల్లో,
మాకు కలిపే అన్నంలో కూడా తళుకులు.
ఇదంతా యాడికి పోతుందయ్యా అనడిగితే
రేడియోల్లోకి అనేవాడట మేస్త్రీ.

ఈ పని నేర్చుకున్న కొత్తలో
ఇదిగోమ్మా నీ అభ్రకం అని ఒక రేకు చేతికిచ్చాను.
వంచింది. గోటితో అంచు గీకింది.
ట్యూబులైటుకి అడ్డం పట్టి చూసింది.
"చీల్చింది గాదబ్బయా ఇది,
పొడిజేసి అతికించినారు. దీనికి పొరేది?"
అని వెనక్కిచ్చేసి
చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

రేకు కత్తిరించి బిగించాను.
ఉత్తగా తిప్పకూడదు కాబట్టి గ్లాసుడు నీళ్ళు పెట్టి,
అందులో చెక్కగరిటె వేశాను.
అది లేకుంటే నీళ్ళు మరిగీ మరగనట్టు నటించి
చెయ్యి తగలగానే మీదికి లేస్తాయి.
నిమిషం. గంట మోగింది. రవ్వ లేదు.
వారానికోసారి నిమ్మచెక్క వేసిన నీళ్ళు కాచి
ఆ చెమ్మ మీదే తుడవండి అని చెప్పి సంచి సర్దాను.

"కూర్చో బాబూ" అని కాఫీ ఇచ్చారు,
గ్యాసు మీద కాచి.

దిగేటప్పుడు రెండో అంతస్తు ఎండలో
మణికట్టు మీద ఆవగింజంత ఏదో మెరిసింది.
దులిపితే పోలేదు.