నల్లకర్ర

మూడో మూత దగ్గర గాలి కారుతుంది నా క్లారినెట్.
మేకతోలు కత్తిరించి, మైనంతో అతికి
ఇరవై ఏళ్లుగా ఊదుతున్నాను
అల్లిపురం పెళ్లిళ్లలో, నూకాలమ్మ పండగల్లో.
పగలు కురుపాం మార్కెట్ దగ్గర రిపేరు షాపు.

నాన్న దీన్ని కొన్నది
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డ్యాన్సులు ఆగిపోయిన ఏడాది,
మొగుడు పోయిన డోరీన్ దొరసాని దగ్గర.
"శనివారం రాత్రి కిటికీ బయట నిలబడి
చెక్కనేల మీద బూట్లు లెక్కపెట్టేవాణ్ణిరా,
ఒకటి బరువు, రెండు తేలిక" అనేవాడు.
లోపలికి రానిచ్చేవారు కాదు.
ఆ లెక్కతోనే తరవాత
ఎన్ని శవాల్ని సాగనంపాడో
కాన్వెంట్ జంక్షన్ దాకా.

పక్కన డప్పు దాలయ్యకి ఆ లెక్క చాలేది కాదు.
మూడిటి మధ్య ఇంకో రెండు కుక్కేవాడు.
ఖాళీ జాగా చూస్తే ఊరుకోలేని చెయ్యి.
"ఇలాగాడితే దొరలకి కాళ్లు మెలికడిపోవేటి!"
అని తనే నవ్వేవాడు.

నిన్న మధ్యాహ్నం
యూనివర్సిటీ కుర్రాడొకడు, సెలెమాని, టాంజానియా,
గిటారు తీగ కోసం వచ్చి
తీగ సంగతి మర్చిపోయాడు.
బల్ల మీద ముక్కలుగా పడున్న దాన్ని ఎత్తి
గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఎంపింగో" అన్నాడు.
మళ్లీ అన్నాడు, ఇంటిపేరు చెప్పినట్టు.

వాళ్ల తాత నరికేవాడట ఈ చెట్టుని.
గొడ్డలి తగిలితే దుంగ మోగేదట.
ఓడెక్కేదాకే తెలుసు.
ఆ తరవాత ఏమయ్యేదో
తాత పోయేదాకా ఎవరూ చెప్పలేదట.

నేనేం చెప్పను?
చెరిగిపోయిన ఫ్రెంచి అక్షరాలు చూపించాను.
నోటి దగ్గర నాన్న పళ్ల గాట్లు చూపించాను.
టీ తెప్పించాను.
ముక్కలు బిగించి, రీడు నాలుక మీద నానబెట్టి
నాన్న లెక్క మెల్లగా ఎత్తుకున్నాను,
ఒకటి బరువు, రెండు తేలిక.

వాడి వేళ్లు బల్లని అందుకున్నాయి.
మూడిటి మధ్య ఇంకో రెండు.
సరిగ్గా దాలయ్య కుక్కే చోట.

దాలయ్య పోయి నాలుగేళ్లు.
అతని వెనకే ఊదుకుంటూ నడిచినప్పుడు
పూడ్చలేక వదిలేసిన జాగాలవి.

టీ మీద మీగడ కట్టింది.
మూడో మూత కారుతూనే ఉంది.
హార్బర్‌లో ఏదో ఓడ కూసింది,
సరుకు ఎక్కించుకునో, దింపేసో.
వాడు ఆపలేదు,
నేనూ.