రాసినంకనే ఆగు

మడికొండ గుట్ట పక్కన మా ఆఫీసు.
రాత్రి తొమ్మిది దాటితే ఏసీ బందు వెడ్తరు.
కిటికీ తెరిస్తే కాజీపేట దిక్కు నుంచి గూడ్సు బండి,
యాభై ఎనిమిది డబ్బాలు.
మొన్న యాభై ఆరు.
లెక్కవెట్టుడే నా కొలువు,
ఒకరు రాసిన కోడును
నమ్మకపోవుడే నా కొలువు.

ఏనుమాముల మార్కెట్‌కు కాంటా సాఫ్టువేరు.
బస్తా ఎక్కంగనే తూకం పడాలె,
తరుగు పోవాలె, తక్‌పట్టీ రావాలె.
దానికి నాలుగు వందల పన్నెండు టెస్టులు.
రోజూ బిల్డు నడిపిస్త.
నల్లతెర మీద అక్షరాలు
తూర్పార వట్టిన వడ్ల లెక్క రాల్తయి,
ఆఖర్ల ఒక పేజీ పుడ్తది:
ఎన్ని నిలిచినయి, ఎన్ని పడ్డయి, ఎన్ని సెకండ్లు.
పేజీ పచ్చగుంటే
దేవేందర్ సార్ అందరికీ ఛాయ్ తాపిస్తడు.

పడితే?

పడిన రోజు పేజీయే పుట్టది.
ఒక్క టెస్టు ఓడినా బిల్డు అక్కడికక్కడ ఆగుతది,
రిపోర్టు వంతు దాని తర్వాత గదా,
ఆ వంతు రానే రాదు.
ఆర్నెల్ల ఫోల్డరు విప్పి చూసిన.
అన్నీ గెలిచిన రోజులే.
ఓడినయి ఎన్నడూ తెల్లారనే లేదన్నట్టు
తారీఖుల నడుమ సందులు,
పండ్లూడిన నోరు నవ్వినట్టు.

ఇంకోటి గూడ దొరికింది.
మూడు వందల ఏడో టెస్టు.
ఫణీందర్ పుణె పోయే ముందు దాన్ని పండవెట్టిండు,
తలాపున ఒక మాట రాసిపెట్టి: తర్వాత చూద్దాం.
రిపోర్టుల అది బూడిద రంగు.
పచ్చా కాదు, ఎరుపూ కాదు,
ఎవ్వల కండ్లకూ ఆనలే.

లేపిన.
నలభై కిలోల ఆరువందల గ్రాములు పెట్టిన.
నలభై అన్నది.
మళ్ల పెట్టిన.
నలభై.
ఆ గ్రాములు ఎటువోయినయో
దానికీ తెల్వది.

పొద్దున మార్కెట్ల ఓదెలును అడిగిన.
ఇరవై రెండేండ్ల సంది కాంటా కాడ హమాలీ,
బస్తాల ఒరుపుకు మెడ కాయగాసింది.
మిర్చి ఘాటుకు నేను తుమ్ముతుంటే
నవ్వుకుంట అన్నడు:
"ఆరువందలంటే ఒక కూరల కారం గాదు,
వెయ్యి బస్తాలకు లెక్కజూడు."
మళ్ల నవ్వు బందువెట్టి,
"తక్కువొచ్చినా చీటి రాయించుకోవాలె బిడ్డా.
రాయకుంటే రేపు కొట్లాట దేనితోటి?"
పోయేటప్పుడు చేతుల ఒక ఎండుమిరపకాయ పెట్టిండు,
ఘాటు చూడుమని.

యార్డు నిండ ఎరుపు.
ఇక్కడ ఎరుపు ముదిరితే ధర,
మా దగ్గర ఎరుపు కనవడితే మీటింగు.

ఆ రాత్రి బిల్డు ఫైలుల ఒక్క వరుస మార్చిన.
ఓడినా నడువు,
రిపోర్టు రాసినంకనే ఆగు.
గూడ్సు బండి పోయింది,
డబ్బాలు లెక్కవెట్టలే.

పేజీ పుట్టింది.
నాలుగు వందల పదకొండు పచ్చ.
ఒకటి ఎరుపు.
దాని కింద రెండే వరుసలు:
రావాల్సింది నలభై పాయింటు ఆరు,
వచ్చింది నలభై.

తెల్లారి దేవేందర్ సార్
కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల చూసిండు.
"ఎల్లుండి డెమో ఉన్నది.
అప్పటిదాక దీన్ని పండవెట్టొచ్చు గదా?"
మహజబీన్ కీబోర్డు ఆపింది.
నేనేమన్లే.
ప్రింటు ఇచ్చిన.

మా ప్రింటరుకు రంగుల్లేవు.
పచ్చా ఎరుపూ ఒక్క తీరుగనే,
వానకు తడిసిన గోడ లెక్క అచ్చయినయి.
ఏది నిలిచిందో ఏది పడ్డదో
ఆయన వేలు వరుసల మీద ఎతుకుతుంటే
సంచిల నుంచి ఓదెలు మిరపకాయ తీసి
మూడు వందల ఏడు పక్కన పెట్టిన.

ఫ్యాను గాలికి కాయితం లేచింది.
కాయ కదిలింది,
లోపల గింజలు చిన్నగ మోగినయి.
సార్ దాన్ని వేలుతోటి ఆపిండు.