పేరు కొట్టని ప్లేట్లు

గోల్నాక నాలా పక్క నా బండి.
మొదటి వాయి ఇడ్లీ దించుతుంటే
జీపొచ్చి ఆగింది.
సుచరిత మేడం దిగింది,
చేతిల రశీదు బుక్కు,
వెనక ఇద్దరు, ఖాళీ గోనెసంచి.

థర్మాకోల్ ప్లేట్లున్నయా అని అడిగింది.
ఉన్నయని ఆమెకు తెలుసు,
నిన్న తను తిన్నది కూడా అందుల్నే.
బండి కింద ఆరు కట్టలు,
బేగంబజార్ ఇస్మాయిల్ సేటు ఉద్దెరకిచ్చినవి.
సంచిల వేస్తుంటే చప్పుడు లేదు.
జప్తు జేసినట్టే లేదు,
గాలిని మూట గట్టినట్టుంది.
జుర్మానా మాత్రం బరువుగనే ఉంది.

జీపు పోయినంక మొదలైంది పంచాయితీ.

"ఐదొందల ఏండ్లు కరగదమ్మా అది!"
వామనరావు సారు, చట్నీ మళ్ళ వేయించుకుంట.
అంటే చార్మినార్ కట్టిననాడు
ఎవరో ఇడ్లీ తిని పారేసుంటే
ఆ ప్లేటు ఇయ్యాలకూ ఉండేదన్నమాట.
పది నిమిషాల తిండికి అంత ఆయుష్షా!
నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

"చేసెటోని ఫ్యాక్టరీకి తాళమెయ్యరు,
అమ్మెటోని గోదాముకు పోరు,
పొద్దుగాల పొయ్యి ముట్టించెటోళ్ళే దొరుకుతరు,"
ఆటో మొయిజ్ గుర్రుమన్నడు.

విస్తరాకు పెట్టమంది హాస్టల్ పిల్ల ప్రణవి.
పెడుదును బిడ్డా, సాంబారును ఆగమని ఎవరు చెప్పాలె?
మరి స్టీలు? నల్లా దినం విడిచి దినం.
ఉన్నది ఒక్క డ్రమ్ము.
అది పిండికా, ప్లేట్లకా, నా మొహానికా?

అప్పుడొచ్చిండు పర్వతాలు,
నాలాల పూడిక తీసుడు ఆపి,
మోకాళ్ళ దాంక నల్లటి బురద,
ఎప్పటిలెక్కనే నాలుగడుగుల అవతల నిలబడి.

"చెప్పవయ్యా నువ్వు," సారు పిలిచిండు,
సాక్షిని బోనెక్కించినట్టు.
"ఎత్తేటోనివి నువ్వే కద."

"ఎత్తుత సారు.
వానొస్తే ముందుగాల అవే తేల్తయి.
మునగవు, చావవు.
నిన్న ఒకటి తీసిన,
అక్క సాంబారు మరక ఇంక పసుపుగనే ఉంది."

అందరం తలలూపినం. కేసు అయిపోయిందనుకున్నం.

"గని అక్కా,
మా ఊరి హోటల్ల మా నాయినకు
చూరుల దోపిన సత్తు గ్లాసుండె.
తాగాలె, తనే కడగాలె, మళ్ళ చూర్లనే దోపాలె.
ఈ తెల్ల ప్లేటు శాన చెడ్డది, నా చేతులకు తెలుసు.
అయితే ఎవలు తిన్నా పారేసేదే.
సారు తిన్నదీ, నేను తిన్నదీ
ఒక్క బుట్టల్నే పడ్డయి ఇన్నొద్దులు.
స్టీలు తెస్తే తే.
నాది యే తొట్టిల కడుగుతవో
అదొక్కటి ముందుగాల చెప్పు."

సాంబారు ఉడుకుతున్న చప్పుడొక్కటే.
సారు తన ప్లేటు దిక్కు చూసుకుంటున్నడు.
అబద్ధమెందుకు,
రెండు ప్లేట్లు పక్కకు పెడితే సరిపోతదని
నేనప్పటికే లెక్కేసుకున్న.
నోటితోని కాదు, మనసుల.
ఆయన ఎట్ల విన్నడో.

తెల్లారి గిన్నెల దుకాణంల
నలభై ప్లేట్లు కొన్న.
"పేరు కొట్టాల్నా అమ్మా?"
మిషను పట్టుకొని అడిగిండు పిల్లగాడు.
వద్దన్న. ఒక గుర్తన్న పెట్టుమన్నడు. అదీ వద్దన్న.

వామనరావు సారు ఇప్పుడు
ఇంటికాంచి సొంత డబ్బా తెచ్చుకుంటుండు.
పర్యావరణం కోసమట.
కావచ్చు. నేనడగలే.

నాలాల తెల్లవి ఇంకా తేలుతనే ఉన్నయి,
ఎవరివో, ఎక్కడివో.
పర్వతాలు మూడడుగుల దూరానికొచ్చిండు.

రాత్రి ఒక్క తొట్టిల నలభై ప్లేట్లు కడుగుత.
బరువుంటయి. చేతులు గుంజుతయి.
ఏది ఎవరు తిన్నదో చెప్పుమంటే
చెప్పలేను.
చెప్పలేకపోవుడు నేర్వనీకి
నాకు మూడు నెల్లు పట్టింది.