టికెట్ వెనక

ప్రొద్దుటూరు నుంచి కడపకు
పొద్దున ఐదున్నర బండి నాది.
అందరికీ అది గంటన్నర దారి.
నాకు నాలుగు తలుపులు:
డిపోలో ఒకటి,
ఎర్రగుంట్లలో గొళ్లెం లేనిదొకటి,
కమలాపురంలో ఐదు రూపాయలు అడిగేదొకటి,
కడపలో ఆఖరిది.
ఈ తలుపుకూ ఆ తలుపుకూ నడుమ
నీళ్లు కూడా తాగను.

రైలు గేటు పడిందంటే
సిమెంటు గూడ్సు ఒక్కో డబ్బా పోతాంటే
లెక్కపెడతా. యాభై ఎనిమిది.
ఎవరో చిల్లర అడుగుతారు, పలకను.
పలికితే ఒళ్లు వదులవుతుంది.

ఖాకీ కోటు కింద ఎప్పుడూ ముదురు రంగు చీరే.
నీకు రంగుల మీద యావ లేదంటాడు మా ఆయన.

చిన్నోడు పుట్టేటప్పుడు చిరిగింది.
కుట్లేసినారు, ఇంటికి పంపినారు.
వాడిప్పుడు ఇంటర్ రెండో ఏడు.
"కాన్పన్నాక ఇట్లాంటివి ఉంటాయిలే" అన్న అత్త
నా గుడ్డలకు వేరే దండెం కట్టించింది.
ఆమె పోయింది. దండెం ఉంది.

రెండుసార్లు పెద్దాసుపత్రికి పోయినా.
చీటీ రాసే పిల్లోడు అద్దం లోపలినుంచి అరుస్తాడు,
"ఏం ఇబ్బందమ్మా?"
వెనక వరసలో మా వాచ్‌మన్ పెండ్లాం.
కడుపునొప్పి అన్నా.
కడుపునొప్పికే మందులిచ్చినారు.
వాళ్ల తప్పేముంది?

మూడోసారి డ్యూటీ దిగి, కోటు ఇప్పకుండానే పోయినా.
మిషన్‌లోంచి ఖాళీ టికెట్ ఒకటి చించి
వెనకపక్క రాసినా:
దొడ్డికి వస్తే ఆపుకోలేను. పదిహేడేండ్లు.
ఏండ్ల కాడ పెన్ను కాగితంలో దిగబడింది.

డాక్టరు ఫర్హానా చేయి చాపింది.
ఇన్ని లక్షల మందికి ఇచ్చినట్టే ఇచ్చినా.
చదివింది. మొహం చిట్లించలేదు.
"పలచనైతేనే జారుతుందా, గట్టిదైనా ఆగదా?
గాలి పోయేది తెలుస్తుందా?"
పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది.
ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చింది.

పక్కకు తిరిగి పండుకోమంది.
"బిగించు" అంది.
బిగించినా.
"పండ్లు కాదమ్మా, కింద."

స్కాను రాసింది. మాత్రలు రాసింది.
రోజుకు ఇన్నిసార్లని బిగించి వదలమంది.
ఏం తిన్నదీ, ఎప్పుడు జారిందీ
నోటుబుక్కులో రాసుకోమంది.
"పూర్తిగా పోతుందా మేడం?"
"చెప్పలేను. ఇప్పటికంటే మేలవుతుంది."
చెప్పలేను అన్నందుకే నమ్మినా.
"ఈ నెల్లో నువ్వు తొమ్మిదోదానివి."

తొమ్మిదా!
తక్కిన ఎనిమిది మంది ఏ బండిలో వచ్చినారో.
వాళ్లకు నేను టికెట్ కొట్టలేదా?
డోరు పక్క సీటు కోసం పోట్లాడినామె,
మజ్జిగ పొట్లం ఇస్తే వద్దన్నామె...

ఈ పొద్దు కమలాపురం దాటినాక
ఒక ముసలాయన లేచి నిలబడినాడు.
ఏమీ అడగలేదు.
కమ్మీ పట్టుకున్న వేళ్లు తెల్లబడినాయి.
ఆ వేళ్లు నాకు తెలుసు.
విజిల్ ఊదినా.
"స్టేజీ కాదు గదక్కా" అన్నాడు డ్రైవర్ ఓబులేసు.
"తెలుసు. ఆపు."

కంపచెట్ల వెనకనుంచి ఆయన వచ్చేదాకా
బండంతా గొణిగింది.
నేను మెట్టు మీదనే నిలబడి
చిల్లర లెక్కపెట్టుకుంటా ఉన్నా:
బిగించి, పది అంకెలు,
వదిలి.