అలకకు చోటు

ఇరవై నాలుగు అడుగుల ఇల్లు.
మూడోవారం. నెబ్రాస్కాలో వాన.

ట్యాంకు మీటరు అబద్ధమాడిందని లోవెల్,
చూడ్డం నీకే రాదని వెర్నా.
ఆమె తలంతా షాంపూ నురగ,
కుళాయిలో చుక్క లేదు.

పాత ఇంట్లో అయితే
గరాజ్‌లోకి పోయి
బాగున్న సైకిల్నే మళ్లీ బాగుచేసేవాడు.
ఇక్కడ తలుపు తీస్తే బురద.
పోయి పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు,
ఆగిన బండికి స్టీరింగు పట్టుకుని.
కాసేపు వైపర్లు వేశాడు.
మొక్కజొన్న చేను కనపడింది,
మళ్లీ అదే చేను.

వెనకనుంచి కెటిల్ ఈల.
తాగడానికి మిగిలిన ఒకే ఒక్క సీసా
తలకు కాక టీకి వొంపింది.
మలుపుల్లో పగలకుండా తొడిగిన
అతని మేజోడులోంచి కప్పు లాగుతూ
"ఎంతదాకా వెళ్లావేంటి?" అంది,
నురగ ఆరి అట్టకట్టిన జుట్టుతో.

సీటు పక్క మీట నొక్కాడు.
కిర్రుమంటూ కుర్చీ
ఇంట్లోకి తిరిగింది.