ఎనిమిది వరసల కుట్టు

సియాల్‌కోట్‌లో ఐక్ నాలా పక్క సందు.
మా షెడ్డుకి కిటికీ ఒక్కటే.
పొద్దున్నే తెల్ల బెల్టులు, చాయ్ వచ్చేలోపు పసుపు,
మధ్యాహ్నం నమాజు దాకా పచ్చ, నీలం,
కరెంటు పోయి వచ్చాక గోధుమరంగు,
లైట్లు వేసే వేళకి నలుపు.
ఎక్కడో ఎవరికో పదేళ్లు పట్టే దారి
నాకు ఒక రోజు కూలి.

లోపలి గుడ్డ అన్నిటికీ ఒకటే.
ఫైసలాబాద్ నుంచి తానులుగా దిగే తెల్ల నూలు.
దానిమీద రంగు చుట్టి, మడిచి,
ఎనిమిది వరసలు కుడతాను.
పసుపైనా నలుపైనా డజనుకి అదే రేటు.
నల్ల గుడ్డమీద నల్ల దారం కనపడక
కళ్లలో నీళ్లు కారతాయి,
ఫాజిల్ మున్షీ పుస్తకంలో దానికి గడి లేదు.

పక్క మిషను రుఖయ్య కొడుకు హమ్మాద్‌కి పదకొండేళ్లు.
తెలుపు విప్పి పసుపు కట్టుకోడానికి
పరీక్ష ఫీజు పద్నాలుగు వందలట.
"కుట్టేది మేమే కదరా, ఒకటి తెచ్చి కట్టేస్తా" అంది వాళ్లమ్మ.
వాడు రెండు రోజులు మాట్లాడలేదు.
చివరికి చిట్టీ ముందే పాడి, నష్టానికి ఎత్తింది.
ఫోటో చూపించింది ఫోన్లో:
నిండు బిందె నెత్తిమీదున్నట్టు
మెడ కదపకుండా నిలబడ్డాడు పిల్లాడు.
నేను మాత్రం బెల్టు కొస పెద్దది చేసి చూశాను.
చివర వెనక్కి తిప్పి మూడు పోట్లు.
నాదే.

చలికాలంలో ఒక పార్సిలు వచ్చింది.
లోపల ఒకే ఒక్క పాత నల్ల బెల్టు,
నలుపు అనడానికి మాటే మిగిలింది.
ముడి పడేచోట రంగంతా రాలి
తెల్ల నూలు బయటపడింది, పెచ్చు ఊడిన గోడలా.
ఎవరి పేరో బంగారు దారంతో కుట్టినది,
నాలుగు అక్షరాలు ఉన్నాయి, తక్కినవి సూది రంధ్రాలు.
వాసన చూశాను. ఉప్పు.
కొస తిప్పాను. మూడు పోట్లు.
ఇరవై ఏళ్ల కిందటి నా చెయ్యి
ఏ దేశం తిరిగొచ్చిందో ఇలా తేలింది.

"ఇలాంటివి మూడు వందలు కావాలి" అన్నాడు మున్షీ.
"నల్లవా?"
"కాదు. ఇలాంటివి. అరిగినవి."
గరుకు కాగితం కట్ట ముందు పెట్టాడు.
బెల్టుకి నలభై రూపాయలు ఎక్కువ.
ఎనిమిది వరసలూ కుట్టినందుకు అంత ఎప్పుడూ రాలేదు.
వద్దనలేదు నేను. రుఖయ్యా అనలేదు.
ముడి పడేచోట గట్టిగా, అంచుల్లో మెత్తగా,
గంటకి రెండు బెల్టులు,
గంటకి నలభై ఏళ్ల చెమట.
నల్లటి నూగు ముక్కుల్లోకి పోయి
రాత్రి తుమ్మితే చేతిరుమాలు నల్లబడేది.

ఆ డబ్బు తీసుకుందామని బ్యాంకుకి పోతే
వేలు పెట్టమంది మిషను.
పెట్టాను. తుడిచి పెట్టాను.
బొటనవేలు, చూపుడువేలు, ఎడమచేయి.
"ఖాలా, నీ వేళ్లమీద గీతలు లేవు" అన్నాడు గుమాస్తా,
నేనెక్కడో పారేసుకున్నట్టు.
ఎవరైనా పెద్దమనిషి సంతకం తెమ్మన్నాడు.

దారిలో రుఖయ్య ఇల్లు.
మెట్లమీద హమ్మాద్, కాలు గాల్లోకి విసురుతూ.
"ఒరే, ఆ ముడి ఎలా వేస్తారు?" అన్నాను.
ముప్పై ఏళ్లు కుట్టాను గాని నడుముకి చుట్టి ఎరగను.
వాడు నవ్వలేదు.
లోపలికెళ్లి పాత తెల్లది తెచ్చాడు,
కమీజు మీద రెండు చుట్లు చుట్టించాడు,
కింద నుంచి పైకి, పై దాన్ని లోపలికి.
"రెండు కొసలూ సమానంగా రావాలి ఖాలా."
నాకు ఎడమది జానెడు పొడుగొచ్చింది.

"విప్పు," అన్నాడు, వాళ్ల మాస్టారి గొంతుతో.
"మళ్లీ."