ఏడు డబ్బాల మనిషి

హార్బరు కస్టమ్స్ షెడ్డులో ఇరవై రోజులు ఉడికి
ఏడు రేకు డబ్బాలు
కోడంబాకం రైలు గేటు దాటి రిక్షాలో వచ్చాయి.
వరస తప్పి వచ్చాయి.
ఫిల్మ్ సొసైటీ సెక్రటరీ సేతుమాధవన్ మూత తీసి
"వినిగర్ వాసనేంటి చెంగయ్యా?" అన్నాడు.
ఊరగాయలే కద సార్, ఇవి కూడా, అన్నాను.

అందువల్ల ఎర్విన్ హ్రాల్డాని నేను
ముందు చచ్చిపోతుండగా చూశాను.

మొదటి వారం:
పెద్ద హోటల్లో దొరలకి కోటు తొడిగే ముసలాడు.
రెండు నిమిషాల వేషం.
తలుపు పక్కన కూలిపోయాడు,
కథ అతన్ని దాటుకుని పైమేడకి పోయింది.
సభ్యులు పదకొండుమంది, ముగ్గురు నిద్ర.
నాకు మాత్రం ఆ చేతులు
దొర భుజమ్మీద లేని దుమ్ము దులిపిన తీరు
మర్నాడు ఇడ్లీ తుంచుతుంటే గుర్తొచ్చింది.

రెండో వారం మూగ తోటమాలి.
మూడో వారం మూగ కాపలావాడు. కాస్త జుట్టు నల్లబడింది.
ఈ మనిషికి ఎవరూ ఒక్క మాటైనా ఇవ్వరేం?
సేతుమాధవన్ కరపత్రం తిరగేసి చెప్పాడు.
బొమ్మకి మాటొచ్చిన ఏడాది
బెర్లిన్ స్టూడియోలో మైకు ముందు నిలబెడితే
రాజకుమారుడి నోట్లోంచి
మొరావియాలో చెప్పులు కుట్టే తండ్రి బయటికొచ్చాడట.
యాస.
లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారట.

నాకు నవ్వు రాలేదు.
సూళ్లూరుపేట నుంచి రైలు దిగిన కొత్తల్లో
గుంపు గొంతుల్లో ఒక గొంతుగా
డబ్బింగ్ థియేటర్‌కి పోయాను నేను.
"అదిగో మంటలు!" అనాలి, అంతే.
"ఆ నెల్లూరోడెవడు, బయటికి పంపండి" అని
గాజు అద్దం అవతలనుంచి వినబడింది.
అట్నుంచి అటే మెట్లెక్కి
ప్రొజెక్టర్ గదిలోకి దూరాను.
అక్కడ మాట్లాడే పని యంత్రానిది.

నాలుగో డబ్బాలో సగం రీలు లేదు.
కరపత్రంలోనూ ఆ ఆరేళ్లు లేవు, యుద్ధం.
ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో,
ఎవరికి సలాం కొట్టాడో, ఎవరికి కొట్టలేదో.
కార్బన్ కడ్డీ మండుతూనే ఉంది, తెర ఉత్త తెలుపు.
దీపం ఆర్పబుద్ధి కాలేదు.
ఎవరూ లేచి అరవలేదు కూడా.

ఐదూ ఆరూ చెప్పుకోదగ్గవి కావు.
(ఆరోదాంట్లో అతను మీసం పెట్టాడు, కుదర్లేదు.)

ఏడో వారానికి అతనికి ఇరవైమూడేళ్లు.
మూకీ. మామూలు వేగంతో తిప్పితే కోతిలా గెంతుతాడని
ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టి మోటారు తగ్గించాను.
ఆగస్టు వాన, రేకుల కప్పు మీద అదే సంగీతం.
పెంకుల మీదినుంచి దూకాడు, కిటికీలో నిలబడ్డాడు,
ఆ పిల్లతో ఏదో చెబుతున్నాడు, చెబుతున్నాడు,
నేను లెక్కపెట్టాను, పద్నాలుగు సెకన్లు.
తర్వాత జర్మన్ అక్షరాల అట్ట.
"'ఉండు' అన్నాడు" అన్నాడు సేతుమాధవన్.

పద్నాలుగు సెకన్లకి ఒక్క ఉండు!
మిగతాదంతా ఏమయింది మరి?
చలిమంట దగ్గర వాళ్లమ్మతో మాట్లాడే భాషలో
అన్నాడు. ఎవరికీ వినబడదని ధైర్యంగా అన్నాడు.
పెదాలు చూస్తే తెలీదా?

ఆ రాత్రే రీలు తెగింది.
అతికించేటప్పుడు రెండు ఫ్రేములు ఎగుడుదిగుడయ్యాయి,
కత్తిరించాలి, తప్పదు. కత్తిరించాను.
డబ్బాలు ఓడెక్కాయి.
ఆ ఫ్రేములు నా తమలపాకుల పెట్టెలోకి ఎక్కాయి.

ఇప్పుడా హాల్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.
సినిమా వేలెడంత డబ్బీలో వస్తుంది, వాసన లేకుండా.
మొన్న పెట్టె సర్దుతూ వెంగమ్మ
ఆ ముక్కని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి
కళ్లు చికిలించి చూసింది.
ఎవురయ్యా ఈ పిలగాడు, నోరు తెరుచుకోని,
ఏందో చెప్పబోతా ఉండాడే?

మా పక్కోడేలే, అన్నాను.